చాదస్తం అని కొట్టిపారేయకండి: డిమెన్షియా ముందు పనుల్లోనే కనపడుతుంది

మాది భట్టిప్రోలు. ఇవాళ్టి టాపిక్ డిమెన్షియా. మన ఇళ్లలో దీన్ని "పెద్దతనం, చాదస్తం" అనేసి వదిలేస్తాం. అలా ఏళ్లు గడిచిపోతాయి.

కళ్లజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం, ఎవరి పేరో కాసేపాగి గుర్తురావడం వయసుతో వచ్చేవే. మీరు చూడాల్సింది వేరు. నలభై ఏళ్లుగా కళ్లు మూసుకుని చేసే పని ఇప్పుడు తడబడుతోందా?

మన వైపు ఎలా ఉంటుందో చెప్తా. నాయనమ్మకి ఆవకాయ కొలత చేతిలోనే ఉంటుంది. ఈసారి ఉప్పు రెండుసార్లు వేసింది, తర్వాత ఏం వెయ్యాలో తెలీక ఆగిపోయింది. తాతయ్య తెనాలిలో రేపల్లె రైలెక్కి, భట్టిప్రోలు వచ్చినా దిగాలని తోచక కూర్చుండిపోయారు. పాలవాడికి డబ్బులిచ్చి, గంటకే మళ్లీ ఇవ్వబోయారు. వీడియో కాల్‌లో "తిన్నావా?" అని పది నిమిషాల్లో నాలుగుసార్లు అడిగారు.

ఒక్కసారి జరిగితే కంగారొద్దు. నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంటే డాక్టర్‌కి చూపించండి. ఒక్కరోజులోనే అయోమయంలో పడితే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఆడవాళ్లలో, పల్లెల్లో ఇంకా ఎక్కువ.

మీకే ఎందుకు చెప్తున్నానంటే, రోజూ పక్కనుండే అమ్మ ఆ పనులన్నీ తనే అందుకుని చేసేస్తుంది. అందుకే లోటు బయటికి తెలీదు. పండక్కి వచ్చిన మీకు తెలుస్తుంది. చూసింది తేదీతో సహా ఫోన్‌లో రాసుకోండి. డాక్టర్‌కి అదే పెద్ద సాయం. "నిన్ననే చెప్పాగా!" అని అరవకండి, పదిమందిలో పరీక్షలు పెట్టకండి.

బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, కొన్ని మందుల వల్ల కూడా మతిమరుపు రావచ్చు. వీటికి వైద్యం ఉంది. అల్జీమర్స్ అయితే పూర్తిగా నయం కాదు. కానీ త్వరగా తెలిస్తే పొలం, బ్యాంకు, ఎవరి దగ్గర ఉండాలన్నది వాళ్లే నోరారా చెప్పగలిగే టైం మిగులుతుంది. ఆలస్యమైతే ఆ మాట వాళ్ల తరఫున మనం చెప్పాల్సి వస్తుంది.

గుంటూరు జీజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. పెద్దవాళ్ల కోసం హెల్ప్‌లైన్ 14567. ఈ వీడియో మీ కజిన్స్ గ్రూప్‌లో పెట్టండి. ఇవాళ ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ మాట్లాడండి. ఉంటా మరి!