రొట్టె యంత్రంలో ఫ్రూట్ కేకు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకన్నా బాగా మాట్లాడగలవారు వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన పని వేరు. "మీ ఇంట్లో ఆ కేకు ఎలా చేస్తున్నారో నలుగురికీ చెప్పండి" అన్నారు. గుమాస్తాగా రిటైరైన మనిషి వంట గురించి ఉపన్యాసమేమిటని వెనక వరుసలో నవ్వుకుంటున్నవారు కనబడుతూనే ఉన్నారు. నవ్వండి, కాని చివర దాకా కూర్చోండి.

పిల్లలు విదేశాల్లో ఉన్న మన ఇళ్ళలో కొన్నింట అటక మీద ఒక యంత్రం ఉంటుంది. బ్రెడ్ మేకర్ అంటారు. చూడటానికి రైస్ కుక్కరుకి పెద్దన్నలా ఉంటుంది. లోపల అంటుకోకుండా పూత పూసిన గిన్నె, దాని అడుగున తిరిగే చిన్న రెక్క, గిన్నె చుట్టూ వేడెక్కే కడ్డీ, పైన మూత, ముందు మీటలు. ఇంతే దాని సంసారం. జపానులో మత్సుషితా కంపెనీ వారు 1980ల మధ్యలో దీన్ని రూపొందించారు. యంత్రం పిండిని సరిగా మర్దించలేక ఇంజనీర్లు తంటాలు పడుతుంటే, ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకాలో ఒక పెద్ద హోటలు రొట్టె మేస్త్రీ దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని పిసకడమే కాదు, సాగదీస్తూ మెలిపెడుతున్నాడని కనిపెట్టింది. ఆ మెలిక కోసం గిన్నె లోపల గట్లు పెట్టవలసి వచ్చింది.

అమెరికా నుంచి వచ్చిన యంత్రమైతే ముందు దాని అడుగున అంటించిన చీటీ చదవండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనకు 230. బజారులో దొరికే ప్లగ్గు అడాప్టరు పిన్నుల ఆకారం మారుస్తుందే గాని వోల్టేజి మార్చదు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. యంత్రం 500 నుంచి 700 వాట్ల దాకా లాగుతుంది కాబట్టి, ట్రాన్స్‌ఫార్మరు 1000 వాట్లకు తగ్గకూడదు. ఇక్కడే కొన్న 230 వోల్టుల యంత్రానికి ఈ బెడద లేదు. మామూలు ఇంటి ఇన్వర్టరు మీద మాత్రం నడపవద్దు. అది ఫ్యాన్లకూ దీపాలకూ పెట్టుకున్నది.

ఇక అసలు సంగతి. యంత్రం పేరు రొట్టెలది, మనం చేసేది కేకు. రెండూ మైదాయే కదా అనుకోకూడదు. మైదా తడిసి నలిగినకొద్దీ అందులో బంక సాగుతుంది. రొట్టెకు అది కావాలి, ఈస్టు పుట్టించే గాలిని ఆ బంకే పట్టి ఉంచుతుంది. కేకుకు అదే శత్రువు. రొట్టె మీట నొక్కితే యంత్రం చాలాసేపు మర్దిస్తుంది, కేకు తోలులా సాగుతుంది. కనుక కేకు అని రాసి ఉన్న మీటే నొక్కాలి. అది కాసేపు కలిపి, కాల్చడంలోకి దిగుతుంది. ఆ మీట లేకపోతే రెక్క తీసేసి, పిండి విడిగా కలిపి, గిన్నెలో వెన్నకాగితం పరిచి పోసి, బేక్ మీట మీద యాభై నిమిషాల నుంచి గంట ఉంచాలి.

మా ఇంట్లో గుడ్డు పెట్టం. అందుచేత లెక్క ఇలాగ. చిక్కటి పెరుగు 200 గ్రాములు, కొంచెం పులిసినా మంచిదే. వాసన లేని నూనె 80 మిల్లీలీటర్లు, పంచదార పొడి 120 గ్రాములు, పాలు మూడు పెద్ద చెంచాలు. ముందు ఈ తడివి గిన్నెలోకి వెళ్ళాలి. వాటి మీద మైదా 200 గ్రాములు, బేకింగ్ పౌడరు ఒక చిన్న చెంచా, తినే సోడా అర చెంచా, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి. బేకింగ్ పౌడరునూ సోడానూ మైదాతో కలిపి ముందే జల్లించుకోవాలి. పెరుగులోని పులుపూ సోడా కలిస్తే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, కేకు పొంగేది దానితోనే. అది కలిసిన క్షణం నుంచే మొదలవుతుంది గనుక, రాత్రి అన్నీ వేసి తెల్లవారుజామున తిరిగేలా టైమరు పెట్టే పద్ధతి దీనికి పనికిరాదు. గుడ్డు తినేవారు పెరుగూ సోడా మానేసి మూడు గుడ్లు, రెండు చెంచాల బేకింగ్ పౌడరు వేసుకోవచ్చు.

ఫలాలు 150 గ్రాములు: కిస్మిస్, గింజ తీసి తరిగిన ఖర్జూరం, జీడిపప్పు, టూటీ ఫ్రూటీ. ఈ చివరిది ఏదో విదేశీ పండు అనుకునేవారున్నారు, అది పాకం పట్టి రంగు వేసిన పచ్చి బొప్పాయి! పెద్ద బేకరీలలో ఫలాలను రమ్ములో నానబెడతారు. మేము బత్తాయి రసంలో గంటసేపు నానబెట్టి, వడకట్టి, గుడ్డతో అద్ది, చెంచా మైదా చల్లుతాం. పొడి మైదా అంటుకుంటే ఫలాలన్నీ అడుగుకు చేరకుండా ఉంటాయి. కలపడం ఆఖర్న వేయాలి, కొన్ని యంత్రాలు దానికి కూత పెట్టి పిలుస్తాయి. ఆ పిలుపుకే రబ్బరు గరిటెతో గోడలకు అంటిన పొడిపిండి కిందికి తోయాలి. ఇనప గరిటె పెడితే పూత పోతుంది.

పుల్ల గుచ్చి తీస్తే తడి అంటకూడదు. తరువాత గిన్నె బయటికి తీసి పది నిమిషాలు ఆగి బోర్లించాలి. పైభాగం తెల్లగా, పక్కలు ఎర్రగా వస్తాయి, వేడి పక్కల నుంచి వస్తుంది గనుక. అడుగున రెక్క చేసిన చిల్లు ఉంటుంది. ఆకారం ఇటుక. అందం గురించి పేచీ పెట్టేవారు బేకరీలో కొనుక్కోవచ్చు.

ఇదంతా నేనెందుకు నేర్చుకున్నానో కూడా మనవి చేస్తాను. మా ఇంటావిడ సంక్రాంతికి అరిసెలు చేసి ఏడిళ్ళకు పంపేది. 2019లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. అరిసెలకు ఒకరు పాకం తిప్పాలి, ఒకరు పిండి పోయాలి, నొక్కి తీయాలి, సెగ దగ్గర గంటలు నిలబడాలి. అవి ఆగిపోయాయి. ఆ తరువాతి పండగకు ఏడిళ్ళ నుంచీ డబ్బాలు మా ఇంటికి వచ్చాయి. అందరూ అభిమానంతోనే పంపారు. ఆవిడ మాత్రం ఒక్క డబ్బా కూడా మూత తీయలేదు. "ఖాళీ డబ్బా తిరిగి ఎలా పంపుతామండీ?" అంది. ఆఫీసులో ఎన్నో అర్జీలు చదివాను గాని అంత చిన్న వాక్యంలో అంత బాధ ఎక్కడా చదవలేదు.

అటక మీది యంత్రం దిగింది అప్పుడే. ఆవిడ కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో కొలుస్తుంది, నేను జల్లిస్తాను, బరువులు ఎత్తుతాను. పొయ్యి మంట లేదు, నిలబడే పని లేదు. ఫలాలు తరగడం నా వంతే అయినా, ముక్క పెద్దదైతే వెనక్కి పంపుతుంది. నా పై అధికారులు కూడా అంత కచ్చితంగా ఫైలు తిప్పి పంపలేదు. ఇప్పుడు భోగి ముందు నాలుగు రోజులు, రోజుకు రెండు చొప్పున ఎనిమిది కేకులు చేస్తాం. ఏడు డబ్బాలు వెళతాయి. ఎనిమిదోది ఆవిడకు వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయికి.

షుగరు వ్యాధి ఉన్నవారికి ఒక హెచ్చరిక. పంచదార మానేసి ఖర్జూరం వేస్తే షుగరు లేని కేకు అవుతుందని కొందరు చెబుతున్నారు. ఖర్జూరంలో ఉన్నదీ చక్కెరే. ఈ కేకు పదిహేను ముక్కలు చేస్తే ముక్కకు పంచదారే ఎనిమిది గ్రాములు, ఫలాల తీపీ మైదా దానికి అదనం. డాక్టరు ఒప్పుకుంటే ఒక ముక్క, ఆ పూట మరో తీపి లేకుండా. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎండుఫలాల గురించి విడిగా అడిగి తెలుసుకోవాలి, వాటిలో పొటాషియం ఎక్కువ.

కొలతల కాగితం మా ఇంటావిడ ఎడమచేతి రాతలోనే జిరాక్సు తీయించి తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉంది. పక్కన రెండు కేకులు కోసి పెట్టాను. వంద మందిమి ఉన్నాం కనుక ముక్కలు చిన్నవి. డబ్బాలు మాత్రం నాకు తిరిగి ఇవ్వండి. సెలవు.