కంట్లో కండ, నెత్తిన ఎండ

చంద్రపూర్‌లో నేడు వైద్యపట్టా అందుకుంటున్న యువతీయువకుల ముందు ఉంచదగిన విషయం జనం ‘కంట్లో కండ పెరిగింది’ అని చెప్పుకునే వ్యాధి.

తెల్లగుడ్డును కప్పి ఉండే పలుచని పొరకు కంజంక్టైవా అని పేరు. ఆ పొరలో నల్లగుడ్డు అంచు పక్కన పసుపు రంగు బుడిపెగా ఏర్పడి అక్కడే ఆగిపోయేది పింగ్వెక్యులా కాగా, రక్తనాళాలతో నిండిన కండగా పెరిగి, సాధారణంగా ముక్కువైపు నుంచి త్రికోణాకారంలో కార్నియా మీదికి, అంటే నల్లగుడ్డు ముందున్న పారదర్శక పొర మీదికి, పాకేది టెరీజియం. ఇవి క్యాన్సర్లు కాకపోయినా టెరీజియం కార్నియా వంపును మార్చి చూపును మసకబారుస్తుంది. సుశ్రుత సంహిత దీనిని ‘అర్మ’ అన్న పేరుతో వర్ణించి, కొక్కెంతో పైకెత్తి కోసే పద్ధతినీ చెప్పింది.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఇందుకు ప్రధాన కారణం కాగా ధూళి, వేడిగాలి తోడవుతాయి. కణత వైపు నుంచి పడే వెలుతురును కార్నియా వంచి ముక్కువైపు అంచున కేంద్రీకరిస్తుందని, కండ అక్కడే పుట్టడానికి అదే కారణమని 1993లో మినాస్ కొరోనియో ప్రతిపాదించారు. అందువల్ల పక్కలు మూయని చలువ కళ్లజోడు సగం రక్షణే. నాగపూర్ సమీప గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించిన సెంట్రల్ ఇండియా ఐ అండ్ మెడికల్ స్టడీలో దాదాపు నూటికి 13 మందిలో టెరీజియం కనిపించింది. బొగ్గు గనులు, సిమెంటు కర్మాగారాలు, 45 డిగ్రీలు దాటే వేసవి ఉన్న చంద్రపూర్‌కు ఆ గ్రామాలు దూరం కావు.

యువ వైద్యుల విషయంలో ఒక బెంగ మాత్రం తీరడం లేదు. కండను కోయడంలో ఉన్న ఉత్సాహం రోగి పని గురించి అడగడంలో కనిపించదు. కోసి వదిలేస్తే కండ తరచూ తిరిగి వస్తుంది గనుక అదే కంటి కంజంక్టైవా ముక్కను అక్కడ అతికించే పద్ధతి వాడుకలోకి వచ్చింది; కానీ ఆ కంటితోనే మనిషి మళ్లీ టోపీ లేకుండా ఎండలో నిలబడితే ఆ శ్రమకు భరోసా ఎక్కడిది? ఇన్నేళ్లు చదివిన బిడ్డలకు ‘ఏం పని చేస్తావు తాతా, ఎండలో ఎంతసేపుంటావు’ అని అడగడానికి అర నిమిషం దొరకదా? బల్లార్‌పూర్ నుంచి వచ్చే తెలుగు కూలీని ఆ మాట తెలుగులోనే అడిగితే ఇంకా మంచిది. ఎరుపు తగ్గడానికి మందుల దుకాణంలో కొన్న స్టెరాయిడ్ చుక్కలను నెలల తరబడి వేసుకుంటే కంటి ఒత్తిడి పెరిగి గ్లాకోమా, కటకం మసకబారి శుక్లం రావచ్చునని కూడా అప్పుడే చెప్పాలి.

కోసిన కండను పారవేయకూడదు. కంటి పైపొర క్యాన్సర్ ఒక్కోసారి అచ్చం ఇలాగే కనిపిస్తుంది గనుక దానిని బయాప్సీకి పంపి, ఫలితం వచ్చాక రోగిని పిలిపించి చెప్పాలి.