కిస్తీ తేదీకి వాన సంగతి తెలియదు

(కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో మైక్రోఫైనాన్స్ సిబ్బంది శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



వాతావరణ మార్పు మీద శిక్షణ అనగానే జూన్ 5న మొక్క నాటి ఫొటో దిగమంటారని చాలామంది అనుకుంటారు. మొక్కలు నాటండి, కాదనము. కానీ ఊరూరా తిరిగి అప్పులిచ్చే మీతో మేము మాట్లాడవలసింది కిస్తీ గురించి.

ముందు మనం కూర్చున్న ఊరినే చూద్దాం. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది ఈ గనుల కోసమే. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా తవ్వారు. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. బంగారం పోయింది, సైనైడ్ దిబ్బలు మిగిలాయి. గాలి లేస్తే ఆ దుమ్ము ఎవరి ఇళ్ళలో పడుతుందో ఆ ఇళ్ళ ఆడవాళ్ళే మీ గ్రూపుల్లో ఉన్నారు. ఇంటి మగవాళ్ళు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు కూలికి పోతారు. ఎండ ముదిరి పని ఆగిన రోజు కూలీ ఉండదు, కిస్తీ మాత్రం ఉంటుంది.

ఊరు దాటితే పొలాలు. కోలార్ జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు. కాగితం మీద "పాడి పశువు" అని రాసిన అప్పు కొన్నిసార్లు బోరు గుంతలోకి పోతుంది. ఈ సంగతి మీకూ తెలుసు, తీసుకున్నవాళ్ళకూ తెలుసు. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, లక్ష్మీసాగర చెరువుతో మొదలుపెట్టి, ఇక్కడి చెరువులు నింపుతున్నారు. మేలు జరగలేదని అనము. అయితే ఆ శుద్ధి రెండో దశ దగ్గరే ఆగిందన్నది రైతుల ఆందోళన.

ఇక టమాటా. 2021 నవంబరులో వానలు ఆగకుండా కురిసి తోటలు కుళ్ళిపోయాయి. 2023లో ఆకుముడత వైరస్ పంట తినేసింది. ఆ జులైలోనే కోలార్ మండిలో 15 కిలోల పెట్టె రెండు వేల రూపాయలు దాటింది. పేపర్లు లక్షాధికారులైన రైతుల ఫొటోలు వేశాయి. పంట పోయినవాళ్ళకు ఆ ధర ఏమి ఉపయోగం? వాళ్ళ ఫొటో ఎవరూ వేయలేదు.

మీ పద్ధతి ఇక్కడే తప్పుతోంది. గ్రూపు పూచీ ఎందుకు పెట్టారు? ఒకామెకు జబ్బు చేస్తే మిగతావాళ్ళు ఆ కంతు సర్దుతారని. మంచిదే. కానీ వడగళ్ళు ఒక్కామె తోట మీదే పడవు. ఐదుగురి పంటా ఒకే సాయంత్రం పోతే ఎవరి పూచీ ఎవరు మోస్తారు? అప్పుడు పక్క సంస్థలో అప్పు తెచ్చి మీకు కడతారు. మీ లెక్కలో వసూలు నూరు శాతం కనబడుతుంది, ఆ ఇంట్లో అప్పు రెండవుతుంది. అప్పుతో పాటు కట్టించుకునే బీమా సాధారణంగా మనిషి చనిపోతేనే పలుకుతుంది, పంట చనిపోతే పలకదు.

కుటుంబ నెల ఆదాయంలో సగానికి మించి కిస్తీలకు పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. అప్పు ఇచ్చే రోజు రాసుకున్న ఆదాయమది. వాన తప్పాక దాన్ని మళ్ళీ లెక్కగట్టినవారెవరు? ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్లు చేయకూడదనీ అందులోనే ఉంది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఇంకా ముందే చెప్పింది: అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి జొరబడకూడదు, బయటే నిలవాలి. తిరగలి రాయిని తాకట్టు పట్టకూడదు, అది ఆ ఇంటి బ్రతుకు. నేటి తిరగలి రాయి పాడి ఆవు, కుట్టు మిషను. కంతు కోసం వాటిని అమ్మించకండి.

ఇవన్నీ ఫీల్డ్ ఆఫీసర్ ఒక్కడి చేతిలో లేవని మాకు తెలుసు. టార్గెట్ మీ మెడ మీదా ఉంది. అందుకే మీ మేనేజర్లు కూడా ఉండగానే అడుగుతున్నాం: టమాటా రైతుకు వారం కిస్తీ బదులు కోత తర్వాత కట్టే కిస్తీ పెట్టండి. వడగళ్ళు, కరువు వచ్చిన ఊరికి గడువు ఇచ్చే అధికారం బ్రాంచికే ఇవ్వండి. ఆ గడువుకు అదనపు వడ్డీ వేయకండి. గడువు తీసుకున్నవాళ్ళను ఎగవేతదారులని రాయకండి.

భోజనం తర్వాత ముల్బాగల్, శ్రీనివాసపురం, బంగారపేట బ్రాంచీలవారు 2021 నవంబరు, 2023 జులై బకాయిల పట్టికలు పట్టుకుని రండి. ఆ నెలల వాన లెక్క పక్కన పెట్టి, ఊరు ఊరుగా చూద్దాం.