హాస్టల్‌కు తాళం పడే నెలల్లోనే పెద్ద చదువుల తలుపులు తెరుచుకుంటాయి



గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ల తరఫున నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు. మాలో చాలామందిమి టీచర్ ట్రైనింగ్ చేసి వచ్చినవాళ్లమే. పొద్దున బియ్యం తూకం చూసుకునేదీ మేమే, రాత్రి స్టడీ అవర్‌లో లెక్కలు చెప్పేదీ మేమే. మన పిల్లలు ఐఐటీలకు, ఎయిమ్స్‌కు, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు వెళ్లాలంటే ఎండాకాలంలో ఏం చేయాలో, మా అనుభవంలో తెలిసినంత వరకు చెబుతాం.

ముందు క్యాలెండర్ చూద్దాం. మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోతాయి. ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ రెండో విడత. మే మొదటి వారంలో సాధారణంగా నీట్. మే నెలలోనే ఎప్‌సెట్, దాని చుట్టుపక్కలే కేంద్రీయ విశ్వవిద్యాలయాల సీయూఈటీ, జేఈఈ అడ్వాన్స్‌డ్. ఆ తర్వాత కౌన్సెలింగ్. అంటే పెద్ద చదువుల తలుపులు చాలావరకు మార్చి చివర నుంచి జూలై లోపు తెరుచుకుని మూసుకుంటాయి. మన హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు మూతపడేదీ ఆ రోజుల్లోనే. పట్నం పిల్ల పరీక్ష రాసిన మర్నాడే షార్ట్ టర్మ్ కోచింగ్‌కు పోతుంది. మన పిల్ల ట్రంకు పెట్టె సర్దుకుని ఊరి బస్సెక్కుతుంది. తెలివిలో తేడా లేదు. ఆ రెండు నెలలు ఎవరు ఎక్కడ ఉన్నారన్నదే తేడా.

ఇంటికి వెళ్లిన పిల్ల ఖాళీగా కూర్చోదు. తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోవాలి. తరవాత తునికాకు. ఆకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. ఆ డబ్బుతోనే విత్తనాలు కొనాలి, పాత అప్పు తీర్చాలి. కాబట్టి శిబిరానికి పిల్లను పంపమని అడిగినప్పుడు తల్లి ముఖం చిన్నబుచ్చుకుంటే ఆమెకు చదువంటే ఇష్టం లేదని అనుకోకూడదు. రెండు చేతుల కూలి పోతోందని ఆమె బాధ. ఈ లెక్క తెలియకుండా పెట్టే ఏ వేసవి శిబిరమైనా మొదటి వారంలోనే సగం ఖాళీ అవుతుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. ఎండాకాలం ముహూర్తాల కాలం. చదువులో ముందున్న పిల్ల జూన్‌లో హాస్టల్‌కు రాకపోతే మేం ఫోన్ చేస్తాం. ఫోన్ ఎత్తరు. ఊరికి వెళ్తే, పెళ్లయిందని చెబుతారు. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయడం చట్టానికి విరుద్ధమని అందరికీ తెలుసు. కానీ చట్టం గుర్తు చేయడం కంటే ఆ రెండు నెలలు పిల్ల చదువులో ఉండటమే ఎక్కువ పని చేస్తుందని మేం చూశాం. పరీక్ష ఉంది, హాల్ టికెట్ వచ్చింది అంటే ఇంట్లో వాళ్లే సంబంధం వాళ్లకు సర్ది చెబుతారు.

శిబిరం పెట్టి ఏం నేర్పాలి? పాఠాలన్నీ మొదటి నుంచి చెప్పడానికి ఆరు వారాలు చాలవు. మేం గమనించిన దాన్ని బట్టి ముందుగా చూడాల్సినవి మూడు.

మొదటిది, ప్రశ్న అర్థం కావడం. మన పిల్లకు లెక్క వచ్చు, ప్రశ్నలోని ఇంగ్లీషు రాదు. జేఈఈ మెయిన్, నీట్, సీయూఈటీ తెలుగులో కూడా రాయవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. దరఖాస్తులోనే ఆ భాష ఎంచుకోవాలి. అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది, ఐఐటీలో పాఠాలూ ఇంగ్లీషులోనే. కాబట్టి తెలుగులో రాసే పిల్లకైనా శిబిరంలో రోజూ గంటసేపు ఇంగ్లీషు ప్రశ్నలు చదివించి, సొంత మాటల్లో చెప్పించాలి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడు భాషలు మోస్తున్న పిల్లను మొద్దు అనకండి.

రెండోది, పరీక్ష రాసే తీరు. మేం పదో తరగతిలో ఏం చెబుతాం? ఏ ప్రశ్ననూ వదలకండి, తెలిసిందేదో రాయండి అంటాం. ఈ పరీక్షల్లో ఆ సలహా మునిగిపోయే సలహా. జేఈఈ మెయిన్‌లో, నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఎప్పుడు వదిలేయాలో తెలియడం కూడా చదువే. పైగా జేఈఈ, ఎప్‌సెట్, సీయూఈటీ లాంటివి కంప్యూటర్ మీద రాయాలి. మౌస్ పట్టుకోవడం పరీక్ష రోజే మొదటిసారి అయితే మొదటి పావుగంట వణుకుతోనే పోతుంది.

మూడోది కాగితాలు. నవ్వకండి, ఎక్కువ సీట్లు పోయేది ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పదో తరగతి మెమోలో వెనక. కుల ధ్రువీకరణ పత్రం కేంద్ర సంస్థలు అడిగే నమూనాలో ఉండదు. ఓటీపీ వచ్చే నంబరు నాన్నది, నాన్న సిమ్ మార్చేశాడు, లేదా గూడెంలో సిగ్నల్ లేదు. ఒకమ్మాయి మంచి మార్కులు తెచ్చుకుంది కానీ, తను చేరాలనుకున్న కోర్సుకు ఆ విశ్వవిద్యాలయం అడిగిన సబ్జెక్టు సీయూఈటీలో ఎంచుకోలేదు. దరఖాస్తు నింపిన నెట్ సెంటర్ అబ్బాయికి ఆ సంగతి తెలియదు. ఒక్క గడి వల్ల ఏడాది పోయింది. ఈ పని మేలో మొదలుపెడితే కాదు. ఇంటర్ రెండో ఏడాది మొదట్లోనే, ఆగస్టులోనే ప్రతి పిల్లకూ ఒక కాగితాల సంచి తయారు కావాలి.

తల్లిదండ్రులూ, మీకు తెలియాల్సినవి కూడా ఉన్నాయి. కేంద్ర విద్యాసంస్థల్లో గిరిజన విద్యార్థులకు 7.5 శాతం సీట్లు చట్టప్రకారం ఉన్నాయి. ఐఐటీల్లో ఎస్టీ విద్యార్థులు బీటెక్‌కు ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు. కటాఫ్‌కు కొద్దిగా తక్కువ వచ్చిన ఎస్సీ, ఎస్టీ పిల్లలకు సీట్లు మిగిలితే ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఉంది, అది పాసైతే మరుసటి ఏడాది బీటెక్‌లో చేరవచ్చు. రాలేదని ఏడ్చి ఇంటికి పోయిన పిల్లల్లో ఈ దారి ఉందని తెలియనివాళ్లు ఎందరో.

సీటు వచ్చాక కూడా వేసవి పని మిగిలే ఉంటుంది. జూన్, జూలైలలో రెండు వారాలు మరో శిబిరం కావాలి. రైలు టికెట్, బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్ దరఖాస్తు, ల్యాప్‌టాప్ వాడకం, ఇంగ్లీషులో లెక్చర్ విని నోట్సు రాసుకోవడం నేర్పాలి. మరొకటి కూడా నేర్పాలి. అక్కడ ఎవరో ఒకరు, నువ్వు రిజర్వేషన్ సీటువి కదా అంటారు. ఆ రోజు తల దించకూడదు. రాజ్యాంగం 15(4) అధికరణం ఏం చెబుతుందో, అది ఎందుకు వచ్చిందో పిల్ల తన నోటితో చెప్పగలగాలి. మొదటి సెమిస్టర్‌లో బ్యాగు సర్దుకుని వెనక్కి వచ్చే పిల్లలు పాఠం కష్టమై వచ్చేదానికంటే, ఒంటరితనం భరించలేక వచ్చేదే ఎక్కువ. వారానికోసారి సొంత భాషలో పలకరించే అక్కో అన్నో ఉంటే చాలామంది నిలబడతారు.

ఇది సాంస్కృతిక సంఘం వేదిక కాబట్టి ఒక సందేహానికి జవాబు చెప్పాలి. వేసవి అంతా శిబిరంలో ఉంచితే పిల్లలకు పండుగలు, పాటలు, భాష దూరమవుతాయని కొందరు పెద్దలు అన్నారు. ఆ భయం న్యాయమైనదే. 1940లలో ఆదిలాబాద్ జిల్లా మర్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైనప్పుడు గోండి వాచకాలు కూడా తయారయ్యాయి. చదువు కోసం భాషను వదులుకోనక్కర్లేదని మన ప్రాంతంలోనే అప్పుడే చూపించారు. మనం కూడా అలాగే చేద్దాం. భూమి పండుగకు మూడు రోజులు ఇంటికి పంపుదాం, తీసుకొచ్చే బాధ్యత ఊరి పెద్ద తీసుకోవాలి. సాయంత్రాలు పెద్దలు శిబిరానికి వచ్చి కథలు చెప్పాలి. రేలా ఆడిన పిల్లకు మర్నాడు ఫిజిక్స్ ఇంకా బాగా ఎక్కుతుంది.

2014 మే 25న గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ముందు భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొందింది. బిడ్డలో బలం ఉంది, సమయానికి శిక్షణ దొరికింది. మేం అడిగేదీ ఆ సమయం, ఆ శిక్షణే.

అందుకని సంఘానికి మా విన్నపాలు నాలుగు. ప్రతి డివిజన్‌లో నీళ్ల వసతి ఉన్న ఒక్క బాలికల హాస్టల్‌నైనా వేసవిలో తెరిచి ఉంచమని, మెస్ ఖర్చులు, వంట మనుషుల జీతాలు ఆపవద్దని మాతో కలిసి ఐటీడీఏ అధికారులను అడగండి. శిబిరానికి వచ్చే పిల్ల ఇంటికి తునికాకు కూలి నష్టంలో కొంతైనా సంఘం నిధి నుంచి ఇవ్వండి. ఉద్యోగాల్లో ఉన్న మన అన్నలు, అక్కలు ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల దరఖాస్తుల బాధ్యత తీసుకుని, ఓటీపీకి మీ ఫోను దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఇంటర్ పూర్తయిన ఆడపిల్లకు ఆ వేసవిలో పెళ్లి మాట ఎత్తబోమని ప్రతి ఊరి పెద్దమనుషులూ ఈ వేదిక మీదే మాట ఇవ్వండి.

తాళం చేతులు మా దగ్గరే ఉన్నాయి. ఎండాకాలం తలుపు తీసి ఉంచడానికి మేం సిద్ధం. పిల్లలను పంపాల్సింది మీరు.