జూదరి నోటనే నిజము రావలెను
(పఠనమందిర సభలో చేసిన ప్రసంగము)



"పోయినది రాబట్టుకొని మానెదను; మానుట నా చేతిలోని పని." పేకముక్కలు పట్టినవాడును, చేతి ఫోనున పందెము కాయువాడును పలుకు మాట యిదియే. తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను జూదపు శాసనములను సవరించి ఆన్‌లైన్ పందెములను నిషేధించిరి. 2025లో పార్లమెంటు దేశమంతటికి అట్టి చట్టము చేసినది. శాసనము పందెపుశాలను మూయగలదు. జూదరి తన్ను తాను మోసగించుకొనుటను మాన్పజాలదు.

ఇది కేవలము దుర్బుద్ధి కాదు. 2013లో అమెరికా మానసిక వైద్యసంఘము తన రోగనిర్ణయ గ్రంథమున జూదమును మద్యాది వ్యసనముల సరసన చేర్చినది. పోయిన సొమ్మును వెంటాడుట, ఆటను గూర్చి అబద్ధమాడుట అందు పేర్కొన్న లక్షణములలోనివి.

న్యాయవాదులమగు మేము సాక్షిని అడ్డుప్రశ్నలతో నిలవేయుటకు అలవాటుపడినవారము. జూదరి యెదుట ఆ విద్య చెల్లదు. నిందించిన కొలది అతడు వాదించును. వాదించిన కొలది తన వాదమునే నమ్మును. విలియం మిల్లర్ 1983లో పానవ్యసనపరుల చికిత్సకై వేరొక మార్గమును వివరించెను. స్టీఫెన్ రోల్నిక్‌తో కలసి 1991లో దానిని గ్రంథముగా వెలువరించెను. ఆ మార్గమున వైద్యుడు వాదింపడు, అడుగును, వినును. ఆటవలన కలిగిన సుఖమేమి? కష్టమేమి? నీ బిడ్డలకు నీవు కోరునదేమి? ఈ జవాబులు ఒకదానితో నొకటి పొసగవని రోగియే గ్రహించి పలుకవలెను.

పిదప బ్యాంకు లెక్క తెప్పింపుడు. మూడు నెలలలో పెట్టినదెంతో, వచ్చినదెంతో అతనిచేతనే రెండు వరుసలుగా వ్రాయింపుడు. జూదరికి గెలుపు జ్ఞాపకముండును, ఓటమి మరపునకు వచ్చును. కాగితము తిట్టదు, మరువదు.

బంధువులకు ఒక మనవి. అప్పు తీర్చినంతమాత్రమున రోగము తీరదు. ధృతరాష్ట్రుని వరముచే సర్వస్వము తిరిగి వచ్చిన పిదపను ధర్మరాజు రెండవమారు పాచికలకు కూర్చుండెను గదా! అతని సమ్మతితోనే యింటి సొమ్ము వేరొకరి చేతికి మార్పింపుడు. చికిత్సకు వెంట నడువుడు.

నిజము బయటపడిన దినమే మిక్కిలి అపాయకరము కావచ్చును. అప్పులు, సిగ్గు ఒక్కసారిగా మీదపడును. అతడు చావుమాట ఎత్తినచో తేలికగా కొట్టివేయకుడు; ఒంటరిగా విడువకుడు. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్‌కు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా మాటాడవచ్చును.

స్వచ్ఛంద సేవకులారా! దోషిని పట్టుటకు కాదు, మనిషిని నిలుపుటకు మనము పోవుచున్నాము. "నేను మానలేకపోవుచున్నాను" అను మాట అతని నోట వెడలువరకు ఓర్పు వహింతము. వెడలిననాడు దానిని ఓటమిగా నెంచక, చికిత్సకు తొలి అడుగుగా గౌరవింతము.