నీరు చేరకయే ద్రవమైన ఉప్పు



ఉప్పు కరగవలెనన్న నీరుండవలెనని పసిబిడ్డకును తెలియును. నీరు లేక కేవలము నిప్పుపైనే కరగింపవలెనన్నచో వంటయింటి పొయ్యి చాలదు. 801 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. ఉప్పు కరగక మునుపే దానినుంచిన అల్యూమినియము పాత్ర కరగి కారిపోవును. అట్టి ఉప్పు జాతికే చెందిన కొన్ని లవణములు మాత్రము చుక్క నీరు చేరకయే నూనెవలె సీసాలో నిలిచియుండును. నూరు డిగ్రీలకు లోబడి కరగు ఇట్టి లవణములకు శాస్త్రజ్ఞులు అయానిక ద్రవములని పేరిడిరి. రసాయన కర్మాగారములలో ఇవి చేయుచున్న పనియే నేటి ప్రసంగ విషయము.

ఉప్పులో ధనవిద్యుత్తు గల సోడియము కణములును, ఋణవిద్యుత్తు గల క్లోరిను కణములును ఉన్నవి. ఇట్టి విద్యుత్కణములే అయానులు. ఇవి చిన్నవి, గుండ్రనివి. గోడలో ఇటుకలు ఇమిడినట్లు ఒకదాని ప్రక్క నొకటి ఇమిడి, గట్టిగా పట్టుకొనియుండును. సోడియమునకు బదులు కొమ్మలు రెమ్మలు గల పెద్ద కణము నుంచినచో, ఇటుకల నడుమ తుమ్మకంప దూర్చి గోడ కట్టబోయినట్లగును. పేర్పు కుదరదు, పట్టు సడలును, కొద్ది వేడికే లవణము ద్రవమగును. ఇంతకు మించిన రహస్య మిందులో లేదు.

రీగా నగరపు రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వాల్డెన్ 1914లో ఇథైలమోనియము నైట్రేటు అను లవణము 12 డిగ్రీలకే కరగునని ప్రకటించెను. ఆయన కోరినది కర్మాగారము కాదు. కరగిన లవణములలో విద్యుత్తు ప్రసరించు తీరు పరిశీలించుటకు అగ్నిగుండము వంటి వేడితో పని లేని లవణము కావలసివచ్చెను. ఆ యేడే ప్రపంచయుద్ధము వచ్చినది. తరువాత అప్పుడప్పుడు ఒకరిద్దరు ఆ దారిని తొక్కిరి. గాలికిని తేమకును చెడని అయానిక ద్రవములు 1992లో అమెరికాలో వెలువడిన పిమ్మటనే లోకము వీనివైపు చూచినది.

అంతగా చూచుటకు కారణమేమి? కిరసనాయిలు సీసాకు మూత తీసినచో ఇల్లెల్ల వాసన వచ్చును. ఆ వాసన గాలిలో చేరిన ఆవిరియే. ఔషధములు, రంగులు చేయుచోట్ల వాడు ద్రావకములలో హెచ్చుభాగ మిట్టివే. అవి పనివాని ఊపిరిలో చేరును. రవ్వ తగిలిన మండును. అయానిక ద్రవములో కణములు విద్యుదాకర్షణచే కట్టుబడియుండుటచే సామాన్యపు వేడిలో ఆవిరి దాదాపు పుట్టదు. అసలే పుట్టదని కొంతకాలము చెప్పుకొనిరి గాని, కొన్నింటిని నిర్వాతస్థలమున హెచ్చు వేడితో బట్టీ పట్టవచ్చునని 2006లో రుజువైనది.

కర్మాగారమున వీని పేరు నిలబెట్టినది జర్మనీలో రైను నది ఒడ్డుననున్న లుడ్విగ్స్‌హాఫెన్‌లోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ. భాస్వరము గల యొక జాతి పదార్థములను చేయునపుడు హైడ్రోక్లోరికామ్లము పుట్టును. దానిని వెంటనే పట్టి బంధింపనిచో తయారైన సరకునే చెరచును. అందులకై ట్రైఇథైలమీను అను క్షారమును వేయుచుండిరి. ఆమ్లమును క్షారమును కలసి ఘనలవణమై, పాత్రలోని దంతయు చిక్కని ముద్దయ్యెడిది. కలియబెట్టుట కష్టము, లోపలి వేడి వెలికి రాదు, ఆపై వడపోత యొక ప్రయాస. క్షారమును మార్చి మిథైలిమిడజోలు అనుదానిని వేయగా, దాని లవణము 75 డిగ్రీలకే కరగునది కావున పని జరుగు వేడిలో ద్రవముగనే యుండెను. కలియబెట్టుట నిలిపినంతనే సరకు పైనను, లవణద్రవము క్రిందను, నీటిపై నూనె తేలినట్లు విడిపోయినవి. క్రింది ద్రవమునకు సోడాక్షారము చేర్చి మిథైలిమిడజోలును మరల రాబట్టుకొనవచ్చును. 2002 నుండి నడచిన యీ పద్ధతిలో ఫలము నూటికి 50 పాళ్ల నుండి 98 పాళ్లకు పెరిగినది. ఘనమీటరు చోటున గంటకు 8 కిలోలుగా నున్న ఉత్పత్తి 6,90,000 కిలోలైనది. ఈ యంకె చూచినచో లెక్కలు వ్రాయువాడెవ్వడైనను సున్నలు మరల లెక్కపెట్టుకొనును. ఘనమీటరు పాత్రనుంచి అంత సరకు తీసిరని దాని భావము కాదు. పని బహుశీఘ్రముగా జరుగుటచే పెద్ద తొట్టికి బదులు బొటనవ్రేలంత పాత్ర చాలినదని భావము.

పెట్రోలు శుద్ధిచేయుచోట మాత్రము ప్రశ్న లాభమునది కాదు, ప్రాణమునది. ముడినూనె నుండి వచ్చు తేలికపాటి వాయువులను జతపరచి మేలిరకపు పెట్రోలును చేయుదురు. జతపరచుటకు తీవ్రామ్లము కావలెను. గంధకికామ్లము వాడినచో టన్ను సరకునకు సుమారు 70 నుండి 100 కిలోల ఆమ్లము చెడిపోవును. రెండవది హైడ్రోఫ్లోరికామ్లము. అది చర్మమును కాల్చుటతో తృప్తిపడక లోనికి దిగి శరీరములోని కాల్షియమును బంధించి, ఎముకలను, గుండె కొట్టుకొను తీరును చెరచును. పైగా 20 డిగ్రీలకు కొంచెము తక్కువ వేడికే మరగి మేఘమై పారును. హాలాహల మనదగినది ఏదైన నున్నచో ఇదియే.

2019 జూను 21వ తేదీ వేకువన అమెరికాలో ఫిలడెల్ఫియా నూనెశుద్ధి కర్మాగారమున తుప్పుచే పలచబడిన ఒక వంపుగొట్టము పగిలినది. వెలువడిన వాయువు అంటుకొని ప్రేలుళ్లు సంభవించెను. సుమారు 17 టన్నుల పాత్రముక్క యొకటి ఎగిరి షూల్‌కిల్ నది ఆవలియొడ్డున పడెను. 2,300 కిలోలకు మించిన హైడ్రోఫ్లోరికామ్లము వెలువడినది. నియంత్రణగదిలోని ఉద్యోగి మిగిలిన ఆమ్లమును వెంటనే వేరుతొట్టికి మళ్లించుటచే మహానగరము బ్రతికినది, ప్రాణనష్టము కలుగలేదు. కర్మాగారము మాత్రము మరల తెరువబడలేదు.

ఈ ఆమ్లమునకు బదులు అల్యూమినియము క్లోరైడుతో చేసిన అయానిక ద్రవము వాడవచ్చునని చైనాలో షాన్‌డాంగ్ రాష్ట్రమున 2013లోనే ఏటికి లక్ష టన్నుల కర్మాగారముతో చూపిరి. అమెరికాలో షెవ్రాన్ సంస్థ సాల్ట్‌లేక్ నగరపు తన శుద్ధికర్మాగారమున చిన్నయంత్రమును ఐదేండ్లు నడపి చూచి, పిమ్మట హైడ్రోఫ్లోరికామ్లముతో నడచుచుండిన శాఖనే మార్చి, 2021లో క్రొత్త పద్ధతిని ప్రారంభించినది. ఐదేండ్ల పరీక్ష హెచ్చని కొందరికి తోచవచ్చును. ఇట్టి పనిలో అది హెచ్చు కాదు. ఈ ద్రవము మేఘమై ఊరిపై పారదు; జిడ్డుపట్టినపుడు హైడ్రొజనుతో శుభ్రపరచి మరల వాడుదురు. అయినను ఇది అమృతము కాదు. తేమ తగిలినచో హైడ్రోక్లోరికామ్లపు పొగ పుట్టును. లోనికి పంపు వాయువులను ముందుగా ఆరబెట్టియే పంపవలెను.

మలేషియాలో దీని ఉపయోగము వేరు. భూగర్భమునుండి వచ్చు సహజవాయువులో పాదరసము అతిస్వల్పముగ నుండును. స్వల్పమని ఉపేక్షింపరాదు, 1973లో ఆల్జీరియాలోని స్కిక్డా కర్మాగారమున ఆ పాదరసము అల్యూమినియము యంత్రభాగమును తినివేసెను. బెల్‌ఫాస్టు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులతో కలసి పెట్రోనాస్ సంస్థ రాగి గల అయానిక ద్రవమును ఇసుకజాతి రంధ్రపు గుళికలపై పట్టించి, 2011 నుండి వాయువును వాని నడుమ నడపినది. రాగి పాదరసమును లవణముగ మార్చి పట్టి యుంచును. పూర్వపు రసశాస్త్రకారులు చపలమైన పాదరసమును కదలకుండ కట్టుటను రసబంధమనిరి. వారు దానితో బంగారమును, సిద్ధిని కోరిరి. వీరు యంత్రమును, పనివానిని కాపాడుకొనిరి.

ఆవిరి కాదు గనుక ఇవి నిరపాయములని కొన్నాళ్లు పత్రికలు వ్రాసినవి. గాలిలో చేరనిది నీటిలో చేరవచ్చునను సంగతి విస్మరించిరి. పొడవైన తోక గల కణములతో చేసినవి పెక్కు జలచరములకు విషములు. ఇంగ్లండు ఈశాన్యభాగమున చెత్త పూడ్చిన స్థలము చెంతనున్న మట్టిలో ఇట్టి కణ మొకటి కనబడినదని 2018లో పరిశోధకులు ప్రకటించిరి. ఫ్లోరిను గల మరికొన్ని తేమలో వేడెక్కినపుడు విడివడి, ఏ హైడ్రోఫ్లోరికామ్లమును తప్పించుకొనవలెనని ఇంత యత్నము జరిగినదో ఆ యామ్లమునే పుట్టించును. ధరయు సామాన్య ద్రావకముల కన్న పెక్కురెట్లు; ఒకసారి వాడి పారబోయువాడు దివాలా తీయును. కావున మరల రాబట్టుకొను ఉపాయము కుదిరినచోటనే ఇవి నిలిచినవి.

గ్రుడ్డుసొనలో నుండు కోలీనును, మాంసకృత్తులలోని అమైనో ఆమ్లములను జతపరచి చేసిన అయానిక ద్రవములు కూడ ఇప్పుడు కలవు. వీనిలో పెక్కింటిని సూక్ష్మజీవులు విరిచి జీర్ణించుకొనగలవు. కట్టెలోని నారను వేరుచేయుటకు ఇవి పనికివచ్చునని ప్రయోగశాలలలో తేలినది. పెట్రోలు పనికి కావలసిన తీవ్రామ్లగుణము మాత్రము వీనికి లేదు.