గోదావరి డెల్టా: ఓడలు, కాలువలు, ఊళ్లు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన ఊరు ఇచ్చటనే ఏల వెలసినది? ఒక పేట మెరకను, మరియొక పేట కాలువగట్టునను ఏల యున్నవి? ఈ ప్రశ్నలకు జవాబు కొంత నేలలోను, కొంత చరిత్రలోను ఉన్నది. పంచాయతీ తీర్మానములకు పనికివచ్చు విషయము గనుక ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

17వ శతాబ్దమున ఐరోపా వర్తకులు ఈ తీరమునకు వచ్చినది ముఖ్యముగా మన నేతగాండ్ర బట్టల కొరకు. డచ్చివారు పాలకొల్లులోను, ఇంగ్లీషువారు నరసాపురము చెంతనున్న మాధవాయపాలెములోను వర్తకశాలలు నెలకొల్పిరి. ఆ మాధవాయపాలెము పేరే రూపుమారి ‘మడపొల్లం’ అను నూలుబట్టకు పేరైనది. తరువాత ఫ్రెంచివారు యానాములో నిలదొక్కుకొనిరి. 1758లో చందుర్తి యుద్ధమున ఇంగ్లీషువారు ఫ్రెంచివారిని ఓడించిరి. అయినను యానాము 1954 వరకు ఫ్రెంచి పాలనలోనే ఉండెను. నేటికిని అది పుదుచ్చేరిలో భాగము. నాటి వర్తకపు పోటీ గీచిన ఎల్ల మన పొలముల నడుమ ఇంకను నిలిచియున్నది.

19వ శతాబ్దమున ఇంగ్లండు మరబట్ట వచ్చి మన మగ్గములను దెబ్బతీసినది. 1832-33 సంవత్సరములలో ఘోరమైన కరవు వచ్చినది. గోదావరి నిండుగా సముద్రమున కలియుచుండగా దాని ఒడ్డున జనము ఆకలికి మాడిరి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యవమున ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట పని ప్రారంభమై 1852లో పూర్తియైనది. కాలువలు పొలములకు నీటిని, రేవులకు ధాన్యపు పడవలను చేరవేసినవి. 1839 నాటి తుపాను ఉప్పెనకు దెబ్బతిని, ఇసుకమేటలతో పూడిన కోరంగి రేవు క్షీణించెను; కాకినాడ పెరిగెను. లాకులున్న చోట్ల బజారులు వెలసెను.

అయితే పంట పెరిగిన మాత్రమున అందరి బ్రతుకులు పెరిగినవా? సెంటు భూమియైనను లేని కూలీలు గోదావరి, విశాఖపట్టణ ప్రాంతములనుండి వేలకొలదిగా ఓడలెక్కి ‘రంగము’ పోయిరి. రంగూను రేవులో బరువులు మోసిరి, బియ్యపు మరలలో పనిచేసిరి. అచ్చట వారిని ‘కోరంగీలు’ అని పిలిచిరి. మన రేవు పేరే వారికి జాతి పేరైనది. 1930 మే నెలలో జరిగిన అల్లర్లలో వారిలో అనేకులు హతులైరి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించగా వేలాదిమంది అడవిదారిని కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. దారిలోనే కన్నుమూసినవారు ఎందరో!

నరసాపురము అల్లికలను చూడుడు. క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పనిని ఇంటి గడపలో కూర్చుండి స్త్రీలు తరతరములుగా చేయుచున్నారు. సరుకు సముద్రములు దాటినది. చేసిన చేతుల శ్రమ మాత్రము చాలకాలము తీరికవేళ పనిగానే లెక్కింపబడినది. 2024లో ఈ అల్లికలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గౌరవము కూలి రూపమున కూడ గడపకు చేరవలెను.

మిత్రులారా, నీరు, సరుకు, అధికారము ఏ దారిని పోయిన ఆ దారినే ఊళ్లు పెరిగినవి. ఆ దారికి దూరమైనవారు కాలువగట్లపైనో, మురుగుకాలువల చెంతనో గుడిసెలు వేసికొనిరి. వారు అచ్చట నివసించుట వారు కోరి ఎన్నుకొన్నది కాదు.

కావున మా మనవి ఇది. మీ గ్రామపటమును ముందుంచుకొని పేట పేటకు నడచి చూడుడు. వానకు మునుగు ఇండ్లేవి, కుళాయి చేరని వీధులేవి, శ్మశానమునకు దారిలేని వారెవరు, వ్రాసికొనుడు. రంగము నుండి తిరిగివచ్చిన కుటుంబముల పెద్దలనుండి విన్న సంగతులను కూడ ఒక పుస్తకమున చేర్చుడు. ఆనాడు ఊరి రూపమును వర్తకులు, దొరలు నిర్ణయించిరి. నేడు ఏ పేటకు దారి, దీపము, మంచినీరు ముందు చేరవలెనో తీర్మానించువారు మీరే.